సోమమ్మ ఇంటిదాకా అడుగులు

పందిళ్ల కాలనీ ఆడవాళ్లు తెల్లారి వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు, ఎస్సై పాండురంగం బూటు అడుగులు ఎక్కడెక్కడున్నాయో చూసుకుని వాటిని తప్పించి చుక్కలు పెట్టేవారు. ఆ అడుగుల మీద ముగ్గు నిలవదు. పిండి ఎంత పోసినా పూట తిరక్కుండానే బూటు అంచు మళ్లీ పైకి తేలుతుంది. అందుకని ఎవరి వాకిట్లో పడ్డ అడుగుల్ని వాళ్లు కలుపుకుని, వాటి చుట్టూ మెలికలు తిప్పుకుని ముగ్గేసుకోవడం అలవాటైపోయింది. కోస్తా నుంచి వచ్చినవాళ్లు కళ్లాపి అనేవారు, ఊరివాళ్లు సాన్పి అనేవారు. నీళ్లు ఎవరు చల్లినా అడుగులు మాత్రం చెరిగేవి కావు.

ఒంటి మీద ఖాకీ ఉన్నంతసేపూ పాండురంగం కాలు పెట్టినచోటల్లా అచ్చు పడేది. మట్టిలో పడేది, కంకరలో పడేది, ఆరిపోయిన సిమెంటు మీద కూడా పడేది. ఇంటికి పోయి లుంగీ కట్టుకున్నాడంటే మాత్రం అందరిలాంటి మనిషే. సైదాబాద్‌లో కిరాయి ఇల్లు. ఇల్లుగలావిడ గచ్చు పాడవుతుందని గొడవ పెడుతుందేమోనని, ఆయన భార్య ఆండాలు సాయంత్రం కాగానే లుంగీ పట్టుకుని గేటు దగ్గరే నిలబడేది. ఆ గేటు బయట అడుగులు ఒకదాని మీద ఒకటి పడి చిన్న గుంటలా అయింది.

అవి ఎల్బీనగర్ చౌరస్తా అవతల ద్రాక్షతోటలు ఒక్కొక్కటే ప్లాట్లుగా మారుతున్న రోజులు. పందిళ్లకు పాతిన రాతి కడీలను పెరికి రోడ్డు పక్కన కుప్పలేశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇటుకల లారీ కనిపిస్తే దాని వెనకే నడిచిపోయినా ఏదో ఒక కొత్త కాలనీకి చేరేవాళ్లం అని ఇప్పటికీ పాతవాళ్లు నవ్వుతుంటారు. అన్ని ఇళ్లు ఒకేసారి లేస్తుంటే అన్ని తగాదాలూ ఒకేసారి లేచాయి. పాండురంగానికి ఊపిరి సలపని పని.

ఆయన ఏ దుకాణం ముందు నిలబడ్డాడో, ఎవరి ఇంటికి పోయాడో కాలనీకంతా తెలిసేది. సారా దుకాణం మెట్ల మీద ఆయన అడుగు ఒక్కటీ లేదు. కొట్లాట జరిగిన ప్రతి వాకిట్లో మాత్రం రెండు పక్షాల గుమ్మాల ముందూ సమానంగా ఉండేవి. అంతకు ముందు పనిచేసిన ఎస్సై కూడా చాలా నిజాయితీపరుడని పేరు తెచ్చుకున్నాడు. ఆయన అడుగులు చెరిగిపోయేవి మరి. పాండురంగం కూడా పుట్టుకతో హరిశ్చంద్రుడేం కాదు. దాపరికం కుదరక నిజాయితీగా ఉండడం మొదలుపెట్టి, ఉండగా ఉండగా దాని రుచి మరిగినవాడు. హెడ్ కానిస్టేబుల్ అంతయ్య మాత్రం బజార్లో ఆయన పక్కన నడవడానికి జంకేవాడు. "మీరు ముందుగాల నడువుండ్రి సార్, నేను జర ఆగి వస్త" అని ఏ సోడా బండి దగ్గరో ఆగిపోయేవాడు.

పాండురంగాన్ని చూసి కంగారుపడేవాళ్లు ఇంకొందరున్నారు. కొత్తగా బండలు పరిపించుకున్న ఇల్లాళ్లు. మూల ఇంటి నాగేశ్వరి అందరికంటే గట్టిది. వాళ్లది తెనాలి వైపు. మొగుడు రామమోహనరావు ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు, కాలనీ అసోసియేషన్‌కి సెక్రటరీ. ఇల్లు కట్టి గేటు నుంచి వెనక గోడ దాకా షాబాదు బండలు వేయించారు. అసోసియేషన్ పని మీద పాండురంగం ఎప్పుడు వచ్చినా ఆవిడ పరుగున వచ్చేది. "ఎస్సైగారూ, ఏమీ అనుకోకండి. కుర్చీ గేటు బయటే వేయిస్తాను" అనేది. ఆయన నవ్వుకుని సందులోనే కూర్చునేవాడు. అలా ఆ ఇంటి బండల మీద ఆయన అడుగు ఒక్కసారి కూడా పడలేదు.

ఆ మూల ఇంటి వెనక సందులోనే వచ్చింది తంటా అంతా.

పందిళ్ల కాలనీ కాక ముందు ఆ నేల సోమమ్మ వాళ్ల తోట. సోమమ్మ పెనిమిటి మట్టయ్య పడుచు వయసులో తన చేతులతో తవ్వుకున్న బావి నీళ్లతోనే ఆ తోట బతికింది. తోటలో ఏది పండినా, ఇంట్లో ఏది వండినా మొదటి ముద్ద బావికి పెట్టి తరువాత తినడం ఆ ఇంటి ఆచారం. మట్టయ్య పోయాడు. కొడుకు జంగయ్య తోటను ప్లాట్లు చేసి, చౌరస్తాలో రేకుల షెడ్డు వేసుకుని భూముల బేరాలు చేస్తున్నాడు. బావిని ఇటుక ముక్కలతో పూడ్చేశారు. రామమోహనరావు ఇంటి వెనక గోడ సరిగ్గా దాని మీద లేచింది, సగం బావి లోపలికి, సగం సందులోకి పోయేలా. సోమమ్మ మాత్రం ప్రతి మంగళవారం పొద్దున్నే వచ్చి, సందు వైపు గోడ మొదట్లో పసుపు కలిపిన అన్నం ముద్ద, వేపమండ, కుంకుమ అద్దిన నిమ్మకాయ పెట్టి దండం పెట్టుకుని పోయేది. జంగయ్య ఎన్నిసార్లు విసుక్కున్నా వినలేదు.

నాగేశ్వరికి ఆ బావి సంగతి తెలీదు. గోడ వెనక వారం వారం పసుపన్నం, ఎర్రటి నిమ్మకాయ కనబడితే మొదట ఎవరో కాకులకు పెడుతున్నారనుకుంది. ఆ వానాకాలం ఆమె కూతురు లలితకుమారికి జ్వరం పట్టుకుంది. వస్తే వణికించి వస్తుంది, పోతే చెమటలు పట్టించి పోతుంది, రోజు విడిచి రోజు మళ్లీ తయారు. ఆరేళ్ల పిల్ల అరచేతిలో ఇమిడేలా అయిపోయింది. పక్కింటావిడ వచ్చి పిల్లను చూసి, గోడ వెనక నిమ్మకాయను చూసి, "ఈ వైపు బాణామతి ఎక్కువంటారు వదినా" అని చెవిలో వేసి పోయింది. తల్లి మనసు, దానికి తోడు రాత్రుళ్లు నిద్ర లేకపోవడం. ఆ మాట నాగేశ్వరి గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

మంగళవారం పొద్దున రామమోహనరావు, మరో నలుగురు అసోసియేషన్ మనుషులు సందులో కాపు కాసి సోమమ్మను పట్టుకున్నారు. పాండురంగం వచ్చేసరికి సందు నిండా జనం. ముసలమ్మ గోడకు ఆనుకుని కూచుని ఉంది, కొంగు జారిపోయినా సర్దుకునే ధ్యాస లేదు.

"చేతబడి చేస్తోందండీ! కళ్లారా చూశాం. మా పాప పది రోజులుగా మంచం మీదుంది" అన్నాడు రామమోహనరావు.

"ఏందవ్వా ఇది?" అన్నాడు పాండురంగం.

"బాయికి పెట్టిన బువ్వ సారూ. మా ఇంటాయన తవ్విన బాయి."

"ఇక్కడ బావెక్కడుందండీ?" అని అరిచాడు రామమోహనరావు.

సోమమ్మ ఆయన వైపు జాలిగా చూసింది. "మీ గోడ కిందనే ఉన్నది బిడ్డా. మీరు దాని మీదనే పండుకుంటున్నరు."

పాపం, ఉన్న మాటే చెప్పింది. జనం మాత్రం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఎవరో చీపురు కట్ట తెమ్మన్నారు, ఎవరో ముసల్దాని పళ్లు రాలగొట్టాలన్నారు. అక్కడే ఉంచితే ఏం జరుగుతుందోనని పాండురంగం ఆమె రెక్క పట్టుకుని జీపు ఎక్కించాడు. అంతవరకు ఆయన చేసింది మంచి పనే.

స్టేషన్‌కి చేరేసరికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సీతారాములు కూచుని ఉన్నాడు. ఆయనకు అప్పటికే ఎవరో పెద్దల దగ్గర్నుంచి ఫోన్లు వచ్చాయి. ముసలమ్మను వదిలేస్తే అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు. కేసు పెడదామంటే, నలుగురూ నడిచే సందులో అన్నం ముద్ద పెట్టడం ఏ నేరమూ కాదు.

"లోపల పట్టుకున్నమని చెప్పు పాండురంగం. కాంపౌండు లోపలికి చొరబడి, పిల్ల పండుకునే కిటికీ కింద పాతిపెడుతుంటే పట్టుకున్నమని. గంతే. నాలుగొద్దులు లోపలుంటది, పిల్లకు నయమైతది, అందరు మరిచిపోతరు."

పాండురంగం ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. సాయంత్రం అసోసియేషన్ వాళ్లు, వాళ్ల వెంట ఆడవాళ్లు, ఒక పత్రికాయన వచ్చి "ఎక్కడ పట్టుకున్నారు సార్?" అని అడిగినప్పుడు సీఐ ఆయన వంక చూశాడు. "కాంపౌండు లోపల" అన్నాడు పాండురంగం. "పాప పడుకునే కిటికీ కింద."

ఆ బండల మీద ఆయన అడుగు లేదని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కరూ మాట్లాడలేదు. అందరి వెనకా నిలబడ్డ నాగేశ్వరి తల వంచుకుంది. బెంచీ మీద కూచున్న సోమమ్మ మాత్రం, వినిపించలేదేమో అన్నట్టు పాండురంగం మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆయనకు సిగ్గేసింది. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత సిగ్గు వేయలేదు. ఆ సాయంత్రం ఆండాలు గేటు దగ్గర లుంగీ అందిస్తూ, "ఎందుకట్ల ఉన్నరు?" అంటే, తలనొప్పి అన్నాడు.

మర్నాడు పేపర్లో పడింది. కాంపౌండు లోపల, కిటికీ కింద అని చెప్పింది చెప్పినట్టు వేశారు. సీతారాములు పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఇయ్యాల మధ్యాహ్నం కోర్టుల పెట్టాలె. ఒక్కటే లొసుగున్నది. నీ అడుగుల ముచ్చట అందరికి ఎరుకనే గదా. ఏ వకీలన్న నిలబడి, లోపల పట్టుకుంటే ఎస్సై అడుగులేవి అని అడిగితే ఏం చెప్తం? ఇప్పుడే పో. గేట్లకెల్లి లోపలికి నడిచి, కిటికీ కాడ నిలబడి రా. అయిపాయె."

అంత చిన్న పని. పాండురంగం టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. దారి పొడుగునా తన పాత అడుగులే ఎదురయ్యాయి. దొంగ దొరికినప్పుడు పరుగెత్తినవి, తప్పిపోయిన పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చిన రోజున లోతుగా దిగినవి, ఎండలో జెండా వందనానికి వరసగా నిలబడ్డవి. వాటిలో ఏ ఒక్కటీ ఆయన తలదించుకోవలసింది కాదు.

మూల ఇంటి గేటు తెరిచే ఉంది. రామమోహనరావు ఎదురొచ్చాడు. "రండి రండి. సీఐగారు ఫోన్ చేశారు. దాన్ని లోపల వేశారో లేదో, పాపకు జ్వరం దిగిపోయిందండీ! పొద్దున రెండు ముక్కలు రొట్టె తింది."

వరండాలో లలితకుమారి దుప్పటి కప్పుకుని కూచుని ఉంది. పక్కన నాగేశ్వరి. "ఆదివారం రక్తం పరీక్షలో మలేరియా అని తేలిందిగా. అప్పట్నించీ మాత్రలు వేస్తున్నాం" అంది మెల్లగా.

"నువ్వూరుకో" అన్నాడు మొగుడు.

పాండురంగం గేటు మధ్యలో నిలబడి కాలు ఎత్తాడు. ఎదురుగా బండలు కడిగి ఉన్నాయి, నీటి తడి ఇంకా ఆరలేదు. ఆయనకు ఒక్కసారిగా భయం పట్టుకుంది. నోటితో చెప్పిన అబద్ధం కాలం గడిస్తే పాతబడుతుంది, పేపరు పొట్లం కట్టుకోవడానికి పనికొస్తుంది. ఈ అడుగు పడిందంటే మాత్రం పడిందే. తను రిటైరైనా, తను చచ్చిపోయినా, ఆ కిటికీ కింద తన బూట్లు నిలబడే ఉంటాయి. ఈ ఇంట్లో పెరిగే పిల్లలు వాటిని చూసి, ఇక్కడే ఒక మంత్రగత్తెను పట్టుకున్నారట అని చెప్పుకుంటారు.

"ఎస్సైగారూ" అంది నాగేశ్వరి. ఎప్పుడు లేచి వచ్చిందో గేటు దాకా వచ్చింది. "నిన్న మీరు లోపలికి రాలేదు కదండీ. మిమ్మల్ని ఏ రోజూ నేను రానివ్వలేదు."

ఎత్తిన కాలు ఆయన వెనక్కి తీసుకుని సందులోనే పెట్టాడు. "రాలేదమ్మా. సోమమ్మ కూడా రాలె. సందులనే ఉన్నది. లోపల పట్టుకున్న అని నేను అబద్ధం చెప్పిన."

"నేనూ విన్నానండీ. విని ఊరుకున్నాను." నాగేశ్వరికి ఏడుపొచ్చింది. "పిల్ల దక్కుతుందో లేదోనని భయమేసింది. ఎవరో ఒకరు చేశారంటే, వాళ్లని పట్టుకుంటే నయమైపోతుందని ఆశ. ఆవిడ ఎలా ఉందండీ?"

"నిన్నటి సంది ఏం తినలె" అన్నాడు పాండురంగం. రామమోహనరావు ఏదో అనబోయాడు. భార్య మొహం చూసి ఆగిపోయాడు.

స్టేషన్‌కి తిరిగొచ్చి, కుదరదు సార్ అని చెప్పేశాడు పాండురంగం. సీతారాములు ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు, చివరకు బతిమాలాడు. "గింత దాని కోసం కొలువు పోగొట్టుకుంటవా? పెండ్లాం పిల్లలున్నోనివి!"

"కోర్టుల నిజమే చెప్త సార్. మీ పేరు మాత్రం ఎత్తను."

"చెప్పుకో. సస్పెండ్ కాగితం సాయంత్రానికి తెప్పిస్త. రేపట్నుంచి ఆ ఖాకీ తొడిగితే చూడు."

కోర్టులో సోమమ్మ చేతులు జోడించి ఒక మూల నిలబడింది. ఎక్కడ పట్టుకున్నారని మెజిస్ట్రేటు అడిగాడు. పాండురంగం అటెన్షన్‌లో నిలబడి గట్టిగా చెప్పాడు. "సందులో సార్. ఆమె లోపలికి పోలేదు. నేనూ పోలేదు. పూడ్చిన తమ బావికి అన్నం పెట్టుకుంటుంటే తీసుకొచ్చిన. లోపల పట్టుకున్నట్టు నిన్న నేను చెప్పింది అబద్ధం."

హాలు గుసగుసలాడింది. మెజిస్ట్రేటు కళ్లజోడు తీసి ఆయన వైపు చూశాడు. "అలా చెప్పమని ఎవరన్నారు?"

సీతారాములు తలుపు దగ్గరే ఉన్నాడు. పాండురంగం అటు చూడలేదు. "ఎవరన్నా నోరు నాదే సార్."

ఇలాంటి మాట పోలీసు నోట విని ఆ హాలుకు అలవాటు లేదు. వెనక బెంచీలో కూచున్న ఒక ముసలి వకీలు లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో తనకే తెలీనట్టు మళ్లీ కూచున్నాడు. మెజిస్ట్రేటు సోమమ్మను అప్పటికప్పుడే వదిలేయమన్నాడు. ఎస్సై మీద విచారణ జరపమని కూడా రాశాడు. రెండూ న్యాయమే అనుకున్నాడు పాండురంగం.

కోర్టు బయట జంగయ్య తల్లి కోసం ఆటో తెచ్చి ఉంచాడు. "ఇంటికి ఇప్పుడే వద్దు సార్" అన్నాడు నేల చూపులు చూస్తూ. "బాలాపూర్‌ల మా మేనత్త ఇంటికాడ దించి వస్త. కోర్టు ఇడిసిపెడితే ఏమైతది? బాణామతి ముసల్ది అని పేరు పడ్డది. పేపర్ల గూడ వచ్చింది. గీ పేరు ఎట్ల పోతది? రాళ్లు వేస్తరు సార్."

సోమమ్మ ఆటో ఎక్కలేదు. "నేనెందుకు పోవాలెరా? నా ఇల్లు గాడుంది, మీ నాయిన బాయి గాడుంది" అంది. ఆ మాటన్నదే గాని, కాలనీ వైపు మొహం తిప్పాలంటే ఆమె కూడా వణికిపోతోంది. తన ఊళ్లో తాను తలెత్తుకుని తిరగగలదా లేదా అన్నదే ఇప్పుడు మిగిలిన సంగతి. దానికి మెజిస్ట్రేటు రాసిన కాగితం చాలదు. కాగితం వాకిట్లో పరుచుకుని కూర్చోలేదు కదా.

పాండురంగం ఆకాశం వైపు చూశాడు. ఎండ ఇంకా బాగానే ఉంది. సాయంత్రం దాకా ఖాకీ ఆయన ఒంటి మీదే ఉంటుంది.

"అవ్వా, చౌరస్తా దాకా ఆటోల పోదం. ఆడికెల్లి నీ ఇంటిదాకా నాతోటి నడుస్తవా?"

సోమమ్మ ఆయన బూట్ల వంక చూసింది. అర్థమైంది. "నడుస్త బిడ్డా. జర మెల్లగ నడువు, మోకాళ్లు సహకరిస్తలేవు" అంది.

చౌరస్తాలో దిగారు. అంతయ్య అక్కడ సోడా బండి దగ్గరున్నాడు. వాళ్లను చూసి గ్లాసు కింద పెట్టి, ఎవరూ పిలవకుండానే వచ్చి ముసలమ్మకు రెండో పక్కన నడవడం మొదలుపెట్టాడు. పాండురంగం అడుగులు ఎప్పుడూ బారలు బారలుగా పడేవి. ఆ రోజు ఒకదాని మడమకు ఒకటి ఆనుకుని పడ్డాయి. రాతి కడీల కుప్ప దగ్గర సోమమ్మ ఆయాసపడి కూచుంది. ఆమె లేచేదాకా ఆయన టోపీ చంకలో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అక్కడ రెండు బూట్లు పక్కపక్కన లోతుగా దిగబడ్డాయి.

కాలనీలోకి రాగానే గేట్ల దగ్గరకు జనం చేరారు. ఒక్కో గేటు ముందూ పాండురంగం ఆగాడు. "తప్పు నాది. అవ్వ ఎవ్వరింట్లకు పోలె, ఎవ్వరికి ఏం చెయ్యలె. నేను అబద్ధం చెప్పిన" అన్నాడు. ప్రతి గేటు ముందూ అదే మాట. మొదటి గేటు దగ్గర నేల చూస్తూ అన్నాడు, మూడో గేటు దగ్గరికి వచ్చేసరికి తలెత్తి అన్నాడు. కొందరు మొహం తిప్పుకున్నారు, ఒకాయన చటుక్కున తలుపు వేసుకున్నాడు. తలుపు వేసుకున్న ఇంటి ముందు కూడా ఆయన అంతసేపూ నిలబడ్డాడు.

మూల ఇంటి దగ్గర నాగేశ్వరి చెంబుతో మంచినీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. సోమమ్మ తాగేదాకా ఆగింది. "మామ్మగారూ, నన్ను క్షమించండి. బావి సగం మా లోపలే ఉందిగా. మంగళవారం గేటు తీసి ఉంచుతాను, లోపలికే రండి" అంది. అని, పాండురంగం వైపు తిరిగింది. "మీరు కూడా రావచ్చండీ. బండలదేముంది."

"వద్దమ్మా. గవి గట్లనే ఉండనీ" అన్నాడాయన.

సోమమ్మ ఇల్లు పాత ఊరి మొదట్లో ఉంది. వాకిట్లోకి వచ్చాక పాండురంగం కూచుని, లేసులు విప్పి, బూట్లు, మేజోళ్లు తీసి పక్కన పెట్టాడు. ఖాకీ బట్టలతో, ఒట్టి కాళ్లతో గడప ముందు నిలబడి సోమమ్మకు చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యి అవ్వా."

సోమమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని కిందికి దించింది. "ఎండల పడి వచ్చినవు, బువ్వ తిని పో బిడ్డా" అంది. ఆమె వండింది, మొదటి ముద్ద పక్కన తీసి పెట్టింది, అంతయ్యతో కలిసి ముగ్గురూ తిన్నారు. తిరుగు అడుగులు పడకుండా పాండురంగం మట్టయ్య పాత పంచె, కండువా అడిగి కట్టుకుని, ఖాకీ చంకలో పెట్టుకుని బయల్దేరాడు. సైదాబాద్ చేరేసరికి సస్పెన్షన్ కాగితం వచ్చి ఉంది. ఆండాలు ఖాకీ అందుకుని మడతపెట్టి, "కోర్టుల చెప్పింది అంతా విన్న" అంది. ఆ పూట మొగుడికి ఇష్టమైన కూర చేసి ఎదురుగా కూచుని వడ్డించింది.

విచారణ చాలాకాలం సాగింది. ఉద్యోగం ఉంచారు గాని ఖాకీ తీసేసి ఏదో ఆఫీసులో ఫైళ్ల మధ్య కూచోబెట్టారు. పాండురంగం మళ్లీ ఆ వైపు రాలేదు. కాలనీకి రోడ్లు వచ్చాయి. కంకర పరిచారు, తారు పోశారు, రోలరు తొక్కించారు. చౌరస్తా నుంచి సోమమ్మ వాకిలి దాకా అడుగులు మళ్లీ పైకి వచ్చాయి. కాంట్రాక్టరు వాటి జోలికి పోకుండా బిల్లు తీసుకుని పోయాడు.

తర్వాత ఒక వానాకాలం, వెనక సందుల్లో కొత్తగా దిగిన ఒకాయన కొడుక్కి మూర్ఛ వచ్చింది. పిల్లవాడు కొయ్యబారిపోయాడు. చుట్టూ చేరిన వాళ్లలో ఎవరికో పాత పేపరు గుర్తొచ్చింది. ఫలానా ముసల్ది అన్నారు. అంతే, ఆ తండ్రి కర్ర తీసుకుని బయల్దేరాడు. వెనక పదిమంది. ఎక్కడో ఇల్లు తెలీదు, ఈ అడుగుల వెంట పోతే వస్తుందని ఎవరో చెప్పారు.

మొదట్లో అరుచుకుంటూ నడిచారు. ఒక పోలీసు బూటు పక్క ఇంత దగ్గర దగ్గరగా ఇంకో బూటు ఎందుకు పడిందా అని తండ్రి కిందికి చూశాడు. ఎవరో బాగా ముసలివాళ్ల పక్కన నడిచిన అడుగులవి. రాతి కడీల కుప్ప దగ్గర ఆ మనిషి ఆగి ఎదురు చూశాడు. ఒక గేటు ముందు ఇంటి వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాతి గేటు ముందూ నిలబడ్డాడు, ఆ తర్వాతి గేటు ముందూ. "ఇదేంది?" అని ఎవరో అడిగితే, పాత కాలనీ మనిషొకడు చెప్పాడు. "ఎస్సై తప్పు ఒప్పుకుంటూ పోయిన తొవ్వ." ఆ తర్వాత గుంపులో అరుపులు తగ్గాయి. ఇద్దరు వెనక్కి మళ్లారు. మిగిలినవాళ్లు సోమమ్మ వాకిట్లోకి వచ్చారు.

అక్కడ బూట్లు ఆగిపోయాయి. గడప ముందు రెండు ఒట్టి పాదాలు మాత్రం ఉన్నాయి, తలుపు వైపు తిరిగి. వేళ్లతో సహా అచ్చు పడ్డాయి. తలుపు కొట్టాలంటే ఆ పాదాల మీద కాలు వేసి నిలబడాలి. తండ్రి కాలు ముందుకు పడలేదు. కర్ర పట్టుకుని కాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కర్ర వాకిట్లోనే వదిలేసి, "పిలగాణ్ణి దవాఖానకు తీస్కపోదం, ఆటో పిలువుండ్రి" అంటూ వచ్చిన దారినే పరుగెత్తాడు.

లోపల సోమమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. బయట అలికిడైతే తలెత్తింది. "ఎవరు బిడ్డా?" అంది. జవాబు రాలేదు. ఎవరో దారి తప్పి వచ్చి ఉంటారనుకుని మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టింది.